ఒక పాసు ఖరీదు ఇరవై ఆరు పళ్ళు

పనిగది,
మార్చి 4

చెల్లెలికి,

నిన్న సోమవారం ఉదయం పదకొండు గంటలకి పనిగది తాళం మార్పించాను. కొత్త తాళంచెవులు రెండే. ఒకటి నా జేబులో ఉంది, ఒకటి మీ వదిన దగ్గర ఉంది. మూడోది చేయించలేదు.

ఫోన్ చేస్తే నువ్వు తియ్యవు. తీస్తే ఇద్దరం అరుచుకుంటాం, మీ వదిన లేచి తలుపులు మూస్తుంది. కాగితం మీద అరవడం కుదరదు కాబట్టి రాస్తున్నాను. తిరుగు ప్రయాణంలో ఆ టోపీలు కుట్టే స్నేహితురాలి దగ్గర ఆగుతావు కదా, ఆమె దుకాణం చిరునామాకే పంపుతున్నాను.

జరిగింది ఇది. శనివారం సాయంత్రం పింగాణీ కాల్చే ఫర్నెస్ మళ్ళీ మొరాయించింది. బాగుచేసే అతను మూత తీసి చూసి, "దీనికి ఇంకెన్నాళ్ళు సెలైన్ ఎక్కిస్తారు సార్, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. మనిద్దరం రెండేళ్ళుగా అందుకోసమే దాచాం కదా అని సోమవారం బ్యాంకు తెరవగానే వెళ్ళాను. నీ వాటా లేదు. జనవరిలోనే తీసేశావని గుమాస్తా చెప్పాడు. నా మొహం చూసి మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.

దేనికి తీశావో కనుక్కోవడం కష్టం కాలేదు. నీ బల్ల సొరుగులో రసీదు ఉంది. 'ఏడో ఓడ' అంతరిక్ష సీరియల్ అభిమానుల సభలకి ఏడాది బంగారు పాసు. ఇప్పుడొక సభ, మే నెలలో ఇంకోటి. ముందు వరస కుర్చీ, కెప్టెన్ వేషం వేసే ఆవిడతో ఫోటో, ఒక సంతకం. సైకిలు కొన్నా గొడుగు కొన్నా "ఎన్ని పళ్ళు చెయ్యాలి దీనికి" అని అడిగేవాడు నాన్న. ఆయన పద్ధతిలోనే లెక్కేశాను. నీ పాసు ఖరీదు ఇరవై ఆరు పింగాణీ పళ్ళు. దాదాపు ఒక నోటికి సరిపడా. రైలు, హోటలు వేరే.

ఆరేళ్ళుగా చూస్తూ ఊరుకున్నాను. నలభై ఒకటో ఏట బూడిదరంగు కోటు తొడుక్కుని, రెండు ఎపిసోడ్లలో కనిపించి మూడోదాంట్లో చచ్చిపోయే స్టోర్ కీపర్ వేషంలో ఆరేసి రోజులు తిరిగొస్తావు. ఇంట్లో టీవీలో ఊరికే కనిపించే మనిషిని చూడ్డానికి ఊళ్ళు దాటి టికెట్ కొనేవాళ్ళని నేను ఇంకెక్కడా ఎరగను.

నువ్వు లేకపోతే పని ఆగిపోతుందనుకుంటున్నావేమో. ఆగలేదు. కొలను గట్టు తగిలి ముందు పన్ను విరిగిందని పళ్ళ డాక్టరమ్మ చెప్పిన ఈత టీచర్ ఉంది కదా, ఆ పన్ను నేనే పూర్తిచేసి డాక్టరమ్మకి పంపేశాను.

ఫర్నెస్ డబ్బు తిరిగి వేసిన రోజు నీకు తాళంచెవి ఇస్తాను.

అన్నయ్య

* * *

టోపీల దుకాణం, మేడమీద గది,
మార్చి 7

గౌరవనీయులైన అన్నగారికి,

మీ తాళం కబురు అందింది. నా చేతులకి జిగురు ఉంటే టోపీలావిడే గట్టిగా చదివి వినిపించింది. అయ్యాక అడిగింది:

"మీ అన్నయ్య పళ్ళు పీకుతాడా, పెడతాడా?"

"పెడతాడు."

"ఉత్తరం చూస్తే అలా లేదే."

ఇప్పుడు విషయానికి వద్దాం. పనిగది అద్దె కాగితం మీద రెండు పేర్లున్నాయి. అందులో ఒకటి నాది. వచ్చేవారం తాళాలు విప్పే మనిషిని వెంటబెట్టుకుని వస్తాను. నీ అనుమతి అడగడం లేదు, తెలియజేస్తున్నాను. బ్యాంకులోంచి తీసింది నా వాటా. నీ వాటా మీద చెయ్యి వెయ్యలేదు. అంత తొందరగా ఉంటే దాంతో సగం ఫర్నెస్ కొనుక్కో.

ఖర్చుల మీద నీకు ఆసక్తి ఎక్కువ కాబట్టి మిగతావి కూడా విను. హోటల్లో నలుగురం ఒక గదిలో పడుకున్నాం. ఇద్దరు మంచం మీద, ఇద్దరు కింద. నేను కింద. సభ జరిగే హాలు ఒకప్పుడు గోడౌను. కుర్చీలు ప్లాస్టిక్‌వి. బంగారు పాసు వాళ్ళ కుర్చీలకి మాత్రం వీపు వెనక పసుపు రిబ్బను కట్టారు. రిబ్బను నడుముకి గుచ్చుకుంటుంది.

ఫోటో కోసం వరసలో గంటన్నర నిలబడ్డాం. నేలమీద టేపు అతికించారు. టేపు మీద కాలు పెట్టాలి, కెప్టెన్ పక్కన నిలబడాలి, నవ్వాలి, తప్పుకోవాలి. "నెక్స్ట్" అని ఒకడు అరుస్తూనే ఉంటాడు. ఆవిడకి అరవై దాటాయి. పొద్దున్నుంచి నవ్వి నవ్వి దవడ పట్టేసినట్టుంది. నా కోటు చూసి, "స్టోర్ కీపరా? నిన్ను నేనే కదూ చంపింది" అంది.

"అవునండీ. నేను బయటుండగానే గాలి తలుపు మూసేశారు."

"తప్పలేదమ్మా."

ఫోటో పడింది. "నెక్స్ట్" అన్నాడు వాడు. అంతే. నాకు నష్టమనిపించలేదు. ఆవిడకి పైవరసలో ఎడమవైపు రెండోది పెట్టుడు పన్ను. రంగు కుదరలేదు. ఆవిడతో అనలేదు.

అక్కడ నాకు ఇంకో పని కూడా ఉంటుంది. అదేమిటో నీకు చెప్పను. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నువ్వు అడగలేదు.

చివరగా ఒక్క ప్రశ్న. ఈత టీచర్ పన్ను రంగు ఎవరు చూశారు?

మీ విధేయురాలైన చెల్లెలు

* * *

పనిగది,
మార్చి 29

చెల్లెలా,

నేను డాక్టరమ్మ క్లినిక్కుకి వెళ్ళిన పూట చూసుకుని వచ్చావు. తాళాన్ని మూడు ముక్కలు చేయించి, నా బల్లమీద పేపరు పరిచి, దానిమీద వరసగా పేర్పించి వెళ్ళావు. నీ బ్రష్షులు, రంగు పొడుల సీసాలు, భూతద్దం, కిటికీ పక్కనుండే స్టూలు పట్టుకుపోయావు. ఆఖరికి బ్రష్షులు కడుక్కునే గాజు గ్లాసు కూడా. గ్లాసు దేనికి? బజార్లో దొరకవా?

మీ వదిన నీకు టీ ఇచ్చిందట. తను చెప్పలేదు, రెండు కప్పులు కడిగి బోర్లించి ఉంటే నేనే అడిగాను. "నా ఆడపడుచుకి టీ ఇవ్వడానికి మీ పర్మిషన్ కావాలా?" అంది. నువ్వు నన్నెలా మోసం చేశావో చెప్పబోతే, "నాకు ఆమె ఆడపడుచు, మీరు మొగుడు. ఇద్దరూ సమానంగానే సాధిస్తారు. ఒకళ్ళ మీద ఒకళ్ళు నాకు చెప్పకండి" అని లోపలికి పోయింది.

మళ్ళీ కొత్త తాళం కొనలేదు. పాతదే బిగించాను. దొంగ ఎత్తుకుపోయేవన్నీ నువ్వే పట్టుకుపోయాక లోపల కాపలా కాయాల్సిందేమీ లేదు.

ఈత టీచర్ పన్ను వెనక్కి వచ్చింది. చిన్న సవరణ. పెద్ద విషయం కాదు. డాక్టరమ్మ కాస్త ముభావంగా ఉంది, ఆవిడ తీరే అంత.

దీంతోబాటు పెట్టెలో నాలుగు పళ్ళు పంపుతున్నాను. ఆ మనుషుల నోటి ఫోటోలు కూడా ఉన్నాయి. పగటి వెలుతురులో తీసినవే. కాల్చడం అయిపోయింది. ఊరికే ఒకసారి చూసి, ఎక్కడైనా పూత వెయ్యాలనిపిస్తే వేసి తిప్పి పంపు. కొరియర్ ఖర్చు నాది. నీ సాయం కావాలని కాదు. టోపీలకి జిగురు పూసే చెయ్యి పాడైపోతుందని.

పళ్ళు శుక్రవారంలోపు నాకు చేరాలి.

అన్నయ్య

* * *

టోపీల దుకాణం,
ఏప్రిల్ 20

అన్నయ్యకి,

శుక్రవారం నాటికి ఏమీ చేరలేదని, తరవాత మూడుసార్లు ఫోన్ చేశావని తెలుసు. నీ నాలుగు పళ్ళూ ఎలా వచ్చాయో అలాగే పంపుతున్నాను. రెండు బాగున్నాయి, రెండు బాగాలేవు. ఏవి బాగాలేవో చెప్పను.

డాక్టరమ్మ నాకు ఉత్తరం రాసింది. మర్యాదగా రాసింది. తిట్టి ఉంటే ఇంత గుచ్చుకునేది కాదు. ఉన్నదున్నట్టు దించుతున్నాను: "ఈ పన్ను రంగు మీరు చూశారని అన్నగారు చెప్పారు. ప్రయాణం తొందరలో చూసినట్టున్నారు. ఆయన స్వయంగా చూసి ఉంటే ఇలా జరిగేది కాదు. ఇకమీదట ఆ పని ఆయనకే వదిలేస్తే అందరికీ మంచిది." ఈత నేర్చుకునే పిల్లలు "టీచర్, మీ పన్ను చచ్చిపోయిందా?" అని అడుగుతున్నారట. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పాఠం చెబుతోందట. కాళ్ళు ఎలా ఆడించాలో చెప్పడానికి రెండు చేతులూ కావాలి కదా. ఒక్క చేత్తోనే చూపిస్తోందట.

నేను గురువారం పొద్దున్న రైలెక్కాను. ఆ అమ్మాయి మన దగ్గరికి వచ్చింది శుక్రవారం. "నేనే పూర్తిచేసి పంపేశాను" అని నీ చేత్తో నువ్వే నాకు రాశావు. గొప్పగా రాశావు.

మన ఇంట్లో ఈ మాట ఎవరూ ఎప్పుడూ బయటికి అనలేదు. అందుకని ఒకసారి పూర్తిగా రాస్తాను. నీకు ఎరుపు తెలియదు. ఎరుపు ఛాయ ఉన్న పన్నూ బూడిద ఛాయ ఉన్న పన్నూ నీకు ఒకటే. నాన్న అది కనిపెట్టేసరికి నీకు ఇరవై ఏళ్ళు, నాకు పదహారు. నిన్ను ఫర్నెస్ దగ్గర కూర్చోబెట్టాడు, నన్ను కిటికీ దగ్గర. "కాలేజీ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడు చేరొచ్చు" అన్నాడు. కాలేజీ నిజంగానే ఎక్కడికీ పోలేదు. అదే వీధిలో ఉంది. రోజూ దానిముందు నుంచే పనికి వచ్చాను.

ఆ తరవాత మన పద్ధతి ఏమిటి? మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. నువ్వు ఆ పదహారు నమూనా పళ్ళ గుత్తి తీసి, నోటి దగ్గర పెట్టి, తల పక్కకి వంచి, పెద్ద పండితుడిలా చూస్తావు. నేను వెనకాల బ్రష్షు కడుగుతూ గ్లాసు అంచు మీద తడతాను. ఒకటి కొడితే గోధుమ, ఎరుపు కలిసింది. రెండు పసుపు. మూడు బూడిద. నాలుగు, బూడిదలో ఎరుపు. కాస్త ఆగి, ఎంత ముదురో అన్ని దెబ్బలు మళ్ళీ. నువ్వు "ఊఁ" అని గుత్తిలోంచి ఆ పన్ను వేరు చేస్తావు. ఎదుటి మనిషి అబ్బురపడతాడు. "మీ అన్నగారిది కన్ను కాదమ్మా, యంత్రం" అని డాక్టరమ్మ ఒకసారి నాతోనే అంది. అప్పుడు నేను నేల తుడుస్తున్నాను.

గ్లాసు దేనికని అడిగావు. అందుకు.

ఇరవై ఐదేళ్ళలో నేను రంగు చూసిన పళ్ళు ఎన్నో నాకు తెలియదు. వాటిలో ఒక్కటి కూడా నా పేరుతో బయటికి పోలేదు. నా పేరుతో పోయిన మొదటి పన్ను ఈత టీచర్‌ది. అది నేను చూడనిది.

నా పాసు ఖరీదు నీ బాధ కాదు. నువ్వు కుట్టించుకున్న కొత్త కోటు కన్నా, చూసిన సినిమాల కన్నా అది పెద్ద దుబారా కాదని నీకూ తెలుసు. నేను లేని ఆరు రోజులూ ఎవరైనా వచ్చి కుర్చీలో కూర్చుని నోరు తెరుస్తారేమోనని నీ బాధ. తాళం మార్చింది అందుకు. నన్ను బయటపెట్టడానికి కాదు, ఇంక బయటికి వెళ్ళకుండా చెయ్యడానికి.

చెల్లెలు

* * *

పనిగది,
ఏప్రిల్ 26

అవును, నీ పేరే చెప్పాను.

ఎలా చెప్పానో కూడా విను. ఈత టీచర్ కుర్చీలో నోరు తెరుచుకుని ఉంది. డాక్టరమ్మ ఆ పన్ను నా అరచేతిలో పెట్టింది. "మీరే చూశారా ఇది?" అంది. ఆ పన్నూ పక్క పన్నూ నాకు ఒకేలా ఉన్నాయి. ఏది తప్పో తెలియకుండా తప్పు ఒప్పుకోవడం ఎలాగో నువ్వు చెప్పు. "మా చెల్లెలు చూసిందండీ" అన్నాను. డాక్టరమ్మ మొహంలో కోపం తగ్గింది. "అలాగనండి మరి" అంది. అంత తేలికగా అయిపోయింది.

వేరే ఏం చెప్పమంటావు? నిజం చెబితే ఆ సాయంత్రానికి పింగాణీ పని మొత్తం ఇంకో చోటికి పోతుంది. మైనం పని చేసే ఇద్దరికి జీతాలు ఎవరిస్తారు? ఉత్త కట్టుడు పళ్ళ సెట్లు చేసుకుంటే గది అద్దె కూడా రాదు. నీకు పోయిందేమిటి? మందలింపు ఉత్తరం ఒకటి వచ్చింది. నీకు ఓడ ఉంది, కోటు ఉంది, నీతోబాటు నేలమీద పడుకునే స్నేహితురాళ్ళున్నారు. నాకు ఈ గది తప్ప ఇంకోటి లేదు.

కాలేజీ పోయిందంటావు. పోయింది. కాదనను. నా సంగతి ఎప్పుడైనా ఆలోచించావా? ఇరవయ్యో ఏటి నుంచి ప్రతి మనిషి నోటి ముందూ, వెనకనుంచి వచ్చే చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. వీధిలో లారీ పోతే భయం. కూర్చున్న మనిషి దగ్గితే భయం. ఒకసారి నువ్వు పొరపాటున గ్లాసు దొర్లించావు, నేను గుత్తి మొత్తం కింద పడేశాను, గుర్తుందా? నవ్వావు. నాకు చెమటలు పట్టాయి. రంగు చెప్పే యంత్రం కొందామని నువ్వు అడిగిన ప్రతిసారీ నేను వద్దన్నది పిసినారితనంతో కాదు. కొన్న మర్నాడు డాక్టరమ్మ "మీకెందుకండీ ఇది?" అని అడుగుతుంది.

సరే. కావలసింది రాస్తాను. మే 15 గురువారం ఉదయం పది గంటలకి ఈత టీచర్ మళ్ళీ వస్తుంది. ఈసారి రంగు క్లినిక్కులోనే, తన ఎదురుగా చూడాలని డాక్టరమ్మ షరతు. బ్రష్షులు పట్టుకోవడానికి నువ్వు కూడా వస్తావని చెప్పాను. రా. గ్లాసు తీసుకురా. ఆ ఒక్క పన్ను కుదిరితే అంతా సర్దుకుంటుంది. "మా చెల్లెలు అప్పుడేదో హడావిడిలో ఉందండీ, మంచి పనిమంతురాలు" అని నేనే నాలుగు ముక్కలు చెబుతాను. ఫర్నెస్ డబ్బు మాట మళ్ళీ ఎత్తను. నీ చోటు ఖాళీగానే ఉంది.

ఆ రోజే మీ సభ అని మీ వదిన అంది. సభలు మళ్ళీ వస్తాయి.

* * *

టోపీల దుకాణం,
మే 3

అన్నయ్యకి,

రాను.

సభలు మళ్ళీ రావు. సీరియల్ నిరుడే అయిపోయింది, హాలు అద్దె పెరిగింది, నిర్వాహకులు మూసేస్తున్నారు. ఇదే ఆఖరిది. మే 15 ఉదయం పది గంటలకి నేను వేదిక మీద ఉండాలి. అడగలేదు కాబట్టి చెప్పలేదన్నాను కదా, ఇప్పుడూ నువ్వు అడగలేదు. అయినా రాస్తున్నాను.

ఓడలో పనిచేసేవాళ్ళందరూ ఒకే చొక్కా వేసుకుంటారు. దాని రంగేమిటన్నది పద్నాలుగేళ్ళ తగువు. టీవీలో నీలం, పత్రికల్లో బూడిద, పోస్టర్లలో ఆకుపచ్చ. వేషాలు కుట్టుకునేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు వెలివేసుకునేదాకా వెళ్ళింది. నాలుగేళ్ళ కింద ఒకావిడ అసలు చొక్కా ఎక్కడో వేలంలో పాడుకుని, గాజు పెట్టెలో పెట్టి తెచ్చింది. చూసినవాళ్ళు చూసినట్టు ఒక్కో రంగు చెప్పారు. నేను పెట్టెని తలుపు దగ్గరికి, ఎండలోకి జరిపించాను. "ఇది ఒక రంగు కాదు. బూడిద దారం నిలువు, నీలం దారం అడ్డం. ఉతికాక నీలం కాస్త పోయింది" అన్నాను.

"మీరేం చేస్తారు?" అంది ఆ పెట్టె ఆవిడ.

"పళ్ళకి రంగులు చూస్తాను."

"కళ్ళతోనా, పళ్ళతోనా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. నేను టోపీలావిడ దగ్గర రెండు రకాల దారం తీసుకుని వేలెడు గుడ్డ నేసి చూపించాను. పెట్టె పక్కన పెట్టారు. రెంటికీ తేడా కనపడలేదు. టోపీలావిడతో స్నేహం ఆ రోజు మొదలైంది.

అప్పటినుంచి అక్కడ నన్ను "కన్ను" అంటారు. వేషాల పోటీలో రంగుల జడ్జిని నేనే. జడ్జికి కూడా టికెట్ ఫ్రీ కాదు, నవ్వుకో. ఈసారి కార్యక్రమం కాగితంలో అచ్చు కూడా వేశారు: ఉదయం పది గంటలకి, రంగుల పరిశీలన, కన్ను. అక్కడ నేను దేనిమీదా తట్టక్కర్లేదు. నోటితో చెబుతాను. ఎదుటివాళ్ళు కాదంటారు. మళ్ళీ చెబుతాను. కోప్పడతారు. ఒకతను నిరుడు నాకు వినపడేలా "గుడ్డి కన్ను" అన్నాడు, వాడి చొక్కాలో పసుపు ఎక్కువైందన్నందుకు. నాకు అది కూడా బాగుంది. నన్నే తిట్టాడు కదా, నీ పేరు పెట్టి కాదు.

లారీ చప్పుడుకి నువ్వు భయపడేవాడివని నాకు తెలియదు. గ్లాసు దొర్లినప్పుడు నవ్వాను, నిజమే. దానికి మాత్రం నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కానీ దాంతో లెక్క సరిపోదు. ఆ భయం నువ్వు ఎంచుకున్నది కాదు, ఒప్పుకుంటాను. నా పేరు చెప్పడం నువ్వు ఎంచుకున్నదే.

డాక్టరమ్మకి నేను జవాబు రాయలేదు. రాయను. నీ కళ్ళ సంగతి నా నోటినుంచి రాదు. అది నీది. కానీ నా పేరు నాది. ఆ పన్ను నామీద నుంచి తీసేదాకా నేను మన వీధిలో అడుగుపెట్టను. తీశాక కూడా నీ వెనక నిలబడతాననుకోకు. పక్కన కుర్చీ వేస్తే అప్పుడు ఆలోచిస్తాను.

గ్లాసు నా దగ్గర లేదు. టోపీలావిడ దాంట్లో సూదులు వేసుకుంది.

వదినని అడిగినట్టు చెప్పు.

చెల్లెలు

* * *

పనిగది,
మే 10

చిన్నీ,

నీ ఉత్తరం చదివి నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను. భోజనానికి వెళ్ళొచ్చేసరికి మీ వదిన ఆ ముక్కల్ని పనిబల్ల మీద పేర్చుకుని, విరిగిన అచ్చుని అతికించినట్టు అతికించి చదువుతోంది. పాత ఉత్తరాలు కూడా ఇమ్మంది. ఇచ్చాను. అన్నీ చదివి తేదీల వరసలో సర్దిపెట్టింది.

"మీకు ఎరుపు కనపడదా?" అంది.

"కనపడుతుంది. తేడా తెలియదు."

"పద్దెనిమిదేళ్ళయింది మన పెళ్ళయి. నా ఎర్ర స్వెట్టర్ బాగుందన్నారే?"

"బాగుందన్నాను. రంగు సంగతి ఎత్తలేదు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మీ చెల్లెలి పేరు పెట్టినట్టే, రేపు నేను వంటింట్లో ఉన్నానని నా పేరు కూడా పెడతారు" అంది. రాత్రి నాకు అన్నం పెట్టింది గాని ఎదురుగా కూర్చోలేదు. దీనికి కూడా కారణం నువ్వే అని రాద్దామనుకుని మొదలుపెట్టాను. రాయలేకపోయాను.

నీమీద నాకు కోపం తగ్గలేదు. చెప్పకుండా డబ్బు తియ్యడం తప్పే, నువ్వు ఏ ఓడకి ఏ కన్నువైనా సరే. నాలుగు పళ్ళలో ఏవి బాగాలేవో చెప్పకుండా పంపడం కూడా తప్పే. వాటిని పెట్టుకునేవాళ్ళు నీకేం చేశారు? వాటిని ఎవరికీ పంపలేదు. నాలుగూ మళ్ళీ చెయ్యాలని పక్కన పెట్టాను.

గురువారం సంగతి. ఏమేం జరగాలో డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడి ఖాయం చేసుకున్నాను. నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

తొమ్మిదిన్నరకి, ఈత టీచర్ రాకముందు, నేను క్లినిక్కులో ఉంటాను. గుత్తిలోని పదహారు పళ్ళూ విప్పి, గుర్తులు కిందికి ఉండేలా పళ్ళెంలో కలిపి పరచమని అడిగాను. "ఎందుకండీ?" అంది. "వచ్చాక చూపిస్తాను" అన్నాను. ఎరుపున్నవి ఒక పక్కకి, లేనివి ఇంకో పక్కకి నాకు తోచినట్టు తీస్తాను. నోటితో చెబితే నేను మళ్ళీ ఏదో ఒక సాకు కలిపేస్తానని నాకే భయం. ఆవిడ కళ్ళముందు తప్పు తీశాక సాకుకి చోటుండదు. తరవాత ఆ పన్ను ఎవరు చూశారో, అంతకుముందు పళ్ళన్నీ ఎవరు చూశారో చెబుతాను.

పది గంటలకి ఈత టీచర్ వస్తుంది. ఆ అమ్మాయికి కూడా చెప్పాలి. రంగు డాక్టరమ్మే చూసుకుంటుందో, ఇంకెవరినైనా పిలుస్తుందో నాకు తెలియదు. మన పని ఉంచేదీ తీసేసేదీ పదకొండుకల్లా ఆవిడ తేల్చేస్తుందనుకుంటున్నాను. మైనం పని చేసే ఇద్దరినీ ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి రమ్మన్నాను. ఏదైనా సరే, వాళ్ళకి నేనే చెప్పాలి.

నువ్వు రావద్దు. రెండువారాల కింద రమ్మని బతిమాలినవాణ్ణే, ఇప్పుడు వద్దంటున్నాను. నువ్వు గదిలో ఉంటే నా చెవులు వెనక్కే పోతాయి. పది గంటలకి నీ వేదిక మీద నువ్వుండు. ఎవరి చొక్కాలో పసుపు ఎక్కువైతే వాళ్ళ మొహం మీదే చెప్పు.

సాయంత్రం ఆరింటికి, మీ సభ ముగిశాక, మీ వదిన ఫోన్ చేసి ఏం జరిగిందో చెబుతుంది. నేను చెయ్యను.

అన్నయ్య